ఆ గుంపులో గ్రేట్ నాట్ ఏది?

మా కాకినాడ దగ్గర కుంభాభిషేకం అనే చోటు ఉంది. సముద్రం పాటు తీసిందంటే అక్కడ కనుచూపు మేర బురదే. చలికాలంలో ఆ బురద మీద ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఉల్లంకి పిట్టలు గుంపులు గుంపులుగా వాలతాయి. గట్టు మీద నిలబడి చూస్తే అన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి. బూడిద రంగు వీపు, తెల్లటి పొట్ట, బురదలో దిగబడ్డ ముక్కు.

కొన్నేళ్ళ కిందట మా ఆడపడుచు కొడుకు నన్ను అక్కడికి తీసుకెళ్ళి, బైనాక్యులర్ చేతికిచ్చి, "అత్తయ్యా, ఇందులో గ్రేట్ నాట్ ఉంది, కనిపెట్టండి చూద్దాం" అన్నాడు. బియ్యంలో మెరిగ ఏరే కన్ను కదా, ఇదెంత పని అనుకున్నాను. అయిదు నిమిషాల్లో "అదిగో!" అన్నాను. వాడు నవ్వి, "ఎగిరినప్పుడు చూడండి" అన్నాడు. అది ఎగరగానే రెక్క కింద చంకలో నల్లటి మచ్చ కనబడింది. అది గ్రే ప్లోవర్! ఇంటికెళ్ళి పక్కింటి వదినగారికి గొప్పగా చెప్పుకుందామనుకున్నదాన్ని, నోరు మూసుకున్నాను.

పిట్ట పేరు తప్పయితే ఏం మునిగిందీ అనిపించవచ్చు. ఆసియా దేశాల్లో 1987 నుంచీ ఏటా జనవరిలో నీటి పక్షుల లెక్క జరుగుతోంది. అందులో నాలాంటి వాళ్ళు రాసిచ్చినవీ చేరతాయి. తప్పు పేరు రాస్తే లేని పిట్ట ఉన్నట్టు లెక్క! గ్రేట్ నాట్ విషయంలో అలా పొరబడకూడదు. ఎందుకంటే దానికి గడ్డు రోజులు వచ్చాయి.

ఇది సైబీరియా ఈశాన్య మూల కొండల మీద గుడ్లు పెడుతుంది. చలికాలానికి ఎక్కువ భాగం ఆస్ట్రేలియా పోతాయి, కొన్ని మన తీరానికి వస్తాయి. ఆస్ట్రేలియా వాయవ్య తీరం నుంచి తిరిగి వెళ్ళేటప్పుడు చైనా దాకా అయిదు వేల కిలోమీటర్లకు పైగా ఎక్కడా ఆగకుండా ఎగురుతాయి. ఆ ఎగరడంలో ఒంట్లో కొవ్వే కాదు, పేగులు కూడా కుంచించుకుపోతాయి. అలా అలిసి వచ్చిన వాటికి చైనా, కొరియాల మధ్యనున్న పసుపు సముద్రం ఒడ్డు బురదే పూటకూళ్ళిల్లు. దక్షిణ కొరియాలో సేమాన్‌గుమ్ అనే చోట 33 కిలోమీటర్ల సముద్రపు గోడ కట్టడం 2006లో ముగిసింది. లోపలి బురదకు పోటు నీళ్ళు మునుపటిలా అందక గుల్లలు చచ్చాయి. తిండి పోతే ఎవరుంటారు? పిట్టలు బాగా తగ్గిపోయాయి. 2015లో దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు.

ఇక గుర్తు పట్టడం. నేను మొదట చూసేది సైజు. గ్రేట్ నాట్ మన గోరింక కంటే కాస్త పెద్దది, పావురం కంటే చిన్నది. దాని పక్కనే తిరిగే కర్లూ శాండ్‌పైపర్ గోరింక కంటే చిన్నది, ముక్కు సన్నగా కొడవలిలా వంగి ఉంటుంది. గ్రేట్ నాట్ ముక్కు తల పొడవు కంటే కొంచెం ఎక్కువ, మొదట్లో లావు, చివర మాత్రం కాస్త కిందికి వాలుతుంది. గాడ్‌విట్ ముక్కు మరీ పొడుగు, చివర పైకి లేస్తుంది. నేను పొరబడ్డ గ్రే ప్లోవర్‌కి ముక్కు పొట్టి, కళ్ళు పెద్దవి. నడక కూడా వేరు. ప్లోవర్ నాలుగడుగులు పరుగెత్తి, పిల్లలు 'స్టాచ్యూ' ఆట ఆడినట్టు ఠక్కున ఆగి, చూసి పొడుస్తుంది. గ్రేట్ నాట్ తల వంచుకుని నింపాదిగా నడుస్తూ, బురదలో ముక్కు గుచ్చుతూనే ఉంటుంది. చిన్న చిన్న గుల్లల్ని పెంకుతో సహా మింగేస్తుంది! మనం గుల్లల కూర వండాలంటే ఎంత తతంగం. దీనికి కడుపులోనే రోలుంది.

అసలు గుర్తు రొమ్ము మీద. చలికాలంలో కూడా అక్కడ నల్లటి చుక్కలు, గీతలు ఉంటాయి, పోపులో ఆవాలు చిమ్మినట్టు. ఎగిరినప్పుడు నడుం దగ్గర తెల్లగా మెరుస్తుంది. రెడ్ నాట్ అని దీని తమ్ముడొకటి ఉంది. దాని ముక్కు పొట్టి, రొమ్ము మీద చుక్కలు అంత ముదురుగా ఉండవు. మన దేశంలో అది ఇంకా అరుదు.

ఒక్క గుర్తు చూసి తేల్చేయకూడదు. సైజు, ముక్కు, రొమ్ము, మూడూ కలవాలి.

వెళ్ళే వేళ కూడా ముఖ్యమే. సముద్రం మనకు తూర్పున కదా, పొద్దున్న వెళితే ఎండ కళ్ళల్లో కొట్టి పిట్టలన్నీ నల్లగా కనబడతాయి. మధ్యాహ్నం పనయ్యాక, సూర్యుడు వీపు మీద ఉన్నప్పుడు వెళ్ళండి. పోటు ఎక్కే వేళయితే నీళ్ళే వాటిని గట్టు దగ్గరికి తోసుకొస్తాయి. అమావాస్య, పున్నమికి పోటు పెద్దది, క్యాలెండర్ చూసుకోవచ్చు. చీర కొంగు గట్టిగా దోపుకోండి. అది గాలికి రెపరెపలాడితే గుంపంతా లేచిపోతుంది, వాటికి ఆ కాస్త విశ్రాంతీ ఉండదు.

మొన్న జనవరిలో నాకు ఒకే చోట నాలుగు కనబడ్డాయి. మూడింటి రొమ్ము మీద చుక్కలు స్పష్టంగా చూశాను. నాలుగోది ముక్కు రెక్కల్లో దూర్చుకుని ఒంటికాలి మీద నిద్రపోతోంది. అరగంట నిలబడ్డాను, తల ఎత్తలేదు. పొద్దు వాలిపోయింది. పుస్తకంలో మూడు అనే రాశాను.