పెద్ద ఇంజిన్‌ ఒక్కటే గెలిపించదు!

పెనుకొండ దగ్గర హైవే మీద కొత్త కార్లను మోసుకెళ్లే పొడవాటి లారీలను మీరు చూసే ఉంటారు. ఎర్రమంచిలోని కియా ప్లాంటు నుంచి 2019లో సెల్టోస్‌ బయటికొచ్చాక హిందూపురం, ధర్మవరం విద్యార్థుల్లో చాలామందిది ఒకటే కోరిక.. ఆటోమొబైల్‌లో ఉద్యోగం కొట్టాలి. బాగుంది. మరి ఇంటర్వ్యూలో ‘కారు ఇంకా వేగంగా వెళ్లాలంటే ఏం చేస్తావ్‌?’ అని అడిగితే? ‘పెద్ద ఇంజిన్‌ పెడతా సార్‌’ అన్నారంటే మీరూ ఒకప్పటి నాలాంటివారే!

బీటెక్‌లో మేం రేస్‌ కారు ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు, ఏ ఇంజిన్‌ కొనాలన్న వాదనతోనే నెల గడిచిపోయింది. బరువు సంగతి ఎవరికీ పట్టలేదు. తీరా కాటా ఎక్కిస్తే అనుకున్నదానికన్నా 40 కిలోలు ఎక్కువ. ‘ఎందుకింత?’ అన్న ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఆ మౌనం మీకు రాకూడదనే ఈ లెక్కలు.

బరువు లెక్క

పికప్‌ ఎంత ఉంటుందో తేలాలంటే పవర్‌ను బరువుతో భాగించాలి. 60 హార్స్‌పవర్‌ కారు డ్రైవర్‌తో కలిపి 300 కిలోలు ఉందనుకోండి. 30 కిలోలు తగ్గిస్తే దాదాపు 7 హార్స్‌పవర్‌ అదనంగా వచ్చినట్టే. పైగా తేలికైన కారు బ్రేకు వేసినా, మలుపు తిప్పినా మాట వింటుంది. ఆ లాభం ఇంజిన్‌ మార్చితే రాదు.

విద్యార్థుల పోటీల్లో పవర్‌కు హద్దు కూడా ఉంటుంది. ఫార్ములా స్టూడెంట్‌ తరహా పోటీల్లో పెట్రోలు ఇంజిన్‌కు వెళ్లే గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలి. పవర్‌ ఒక స్థాయి దాటనప్పుడు ఇక మిగిలింది బరువే కదా!

గాలి లెక్క

బైకు మీద 80 దాటగానే చొక్కా పటపటా కొట్టుకుంటుంది. గాలి ఎంత గట్టిగా అడ్డుకుంటుందో అదే చెబుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం 4 రెట్లు, దాన్ని గెలవడానికి కావాల్సిన పవర్‌ 8 రెట్లు. మామూలు చిన్న కారుకు గాలిని చీల్చుకెళ్లడానికి 60 కిలోమీటర్ల వేగంలో సుమారు 2 కిలోవాట్లు చాలు. అదే 120లో దాదాపు 14 కావాలి. బాగా వేగంగా ఉన్నప్పుడు టాప్‌ స్పీడ్‌ను ఇంకో 10 శాతం పెంచాలంటే సుమారు 33 శాతం అదనపు పవర్‌ పెట్టాలి!

అంటే మలుపులు ఎక్కువున్న చిన్న ట్రాక్‌లో ముందు బరువు తగ్గించండి. పొడవాటి స్ట్రెయిట్‌ ఉంటే కారు ఆకారం మీద దృష్టి పెట్టండి.

ఒక ప్రశ్న మీకు

హిందూపురం సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి చెన్నై గాలికన్నా దాదాపు 6 శాతం పలుచన. టర్బో లేని కారు ఇక్కడ ఎలా నడుస్తుంది? ఇంజిన్‌కు గాలి తగ్గి పవర్‌ పడిపోతుంది కాబట్టి పికప్‌ కాస్త తగ్గుతుంది. కానీ ఎదురొచ్చే గాలి నిరోధం కూడా అంతే తగ్గుతుంది. అందుకే టాప్‌ స్పీడ్‌లో పెద్ద తేడా రాదు. ఈ జవాబును కాగితం మీద వేసి చూపించగలిగితే మీరు సూత్రం బట్టీ పట్టలేదని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది.

ఇప్పుడేం చేయాలి?

ఫార్ములా భారత్‌, సుప్రా, బాజా లాంటి పోటీలకు కాలేజీలో జట్టు ఉంటే చేరిపోండి. లేకపోతే నలుగురు కలిసి మొదలుపెట్టండి. అక్కడ పరుగుతో పాటు డిజైన్‌కు, ఖర్చు లెక్కకు కూడా మార్కులుంటాయి. ప్రతి భాగం బరువూ ఎక్సెల్‌ షీట్‌లో రాయండి. రెజ్యూమెలో ‘టీమ్‌ మెంబర్‌’ అని వదిలేయకండి. ఏ భాగంలో ఎన్ని గ్రాములు తగ్గించారో, బలం తగ్గకుండా ఎలా చూశారో రాయండి. ఇంటర్వ్యూలో మాట అక్కణ్నుంచే మొదలవుతుంది.

చివరిగా ఒక్క మాట.. ఈ ప్రయోగాలన్నీ ట్రాక్‌ మీదే. హైవే మీద వద్దు. 120లో గాలితో పాటు మీ అదృష్టాన్ని కూడా పరీక్షించుకోవాల్సి వస్తుంది!