ఆట మరిచిపోని పేర్లు

చివర వల అల్లిన కర్ర. గట్టి రబ్బరు బంతి. ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు ఉన్న గోల్. ఉత్తర అమెరికా మూలవాసులు వందల ఏళ్లుగా ఆడుతున్న లాక్రాస్‌కు ముఖ్యంగా కావలసినవి ఇవే. ఆరుబయట జట్టుకు పదిమంది చొప్పున ఆడితే ఫీల్డ్ లాక్రాస్. ఐస్ హాకీ అరేనాల్లో ఆరుగురేసి ఆడితే బాక్స్ లాక్రాస్. ఇంత పాత ఆటే అయినా, మైదానంలో ఆడేవాళ్లకు డబ్బు చెల్లించే లీగ్ నిలదొక్కుకున్నది ఈ శతాబ్దంలోనే. ఆ ప్రొఫెషనల్ ఆటగాళ్లకంటూ ఒక హాల్ ఆఫ్ ఫేమ్ 2022లో గానీ రాలేదు. దాన్ని నెలకొల్పింది అమెరికాలోని ప్రీమియర్ లాక్రాస్ లీగ్.

*

అంత ఆలస్యం ఎందుకంటే, లీగులే బతకలేదు. 1988లో అమెరికన్ లాక్రాస్ లీగ్ మొదలై తొలి సీజన్ కూడా పూర్తికాకుండానే మూతపడింది. 2001లో మేజర్ లీగ్ లాక్రాస్ ఆరు జట్లతో బరిలోకి దిగింది. వ్యాయామ పాఠాలతో టీవీలో పేరు తెచ్చుకున్న జేక్ స్టైన్‌ఫెల్డ్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. దూరం నుంచి కొట్టిన గోల్‌కు రెండు పాయింట్లు, బంతిని పట్టుకుని కాలయాపన చేయకుండా షాట్ క్లాక్, ఇలా చూసేవాళ్లకు ఊపు తెచ్చే నిబంధనలు పెట్టింది.

జీతాలు మాత్రం ఇల్లు గడిచేంత ఉండేవి కావు. వారమంతా బడిలో పాఠం చెప్పో, ఆఫీసులో పనిచేసో, శని ఆదివారాల్లో విమానమెక్కి వెళ్లి ఆడినవాళ్లే ఎక్కువ. నా దృష్టిలో ఈ హాల్ ఆఫ్ ఫేమ్ ముందుగా రుణపడి ఉన్నది వాళ్లకే. 2020 డిసెంబరులో మేజర్ లీగ్ ప్రీమియర్ లాక్రాస్ లీగ్‌లో కలిసిపోయింది. చాలా జట్ల పేర్లు అక్కడితో ఆగిపోయాయి. జట్టే లేనప్పుడు దాని కోసం ఇరవై ఏళ్లు చెమటోడ్చినవాళ్ల పేర్లు ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా!

*

ప్రీమియర్ లీగ్‌ను పెట్టింది అన్నదమ్ములు. పాల్ రేబిల్ స్వయంగా పేరున్న మిడ్‌ఫీల్డర్. అన్న మైక్‌తో కలిసి 2018లో లీగ్‌ను ప్రకటించాడు. మరుసటి ఏడాదే ఆటలు మొదలయ్యాయి. ఆటగాళ్లకు ఆరోగ్య బీమాతో పాటు లీగ్‌లో వాటా కూడా ఇస్తామనడం అప్పట్లో పెద్ద విశేషం. మేజర్ లీగ్ రోజుల్లో పాల్ కొట్టిన షాట్ వేగం గంటకు 111 మైళ్లుగా నమోదైంది. అంటే 178 కిలోమీటర్ల పైమాటే. క్రికెట్‌లో షోయబ్ అక్తర్ 2003లో విసిరిన రికార్డు బంతి వేగం 161.3 కిలోమీటర్లు. అంతకన్నా వేగంతో వచ్చే బంతికి ఎదురు నిలబడే గోల్‌కీపర్ గుండె ధైర్యం ఎంతటిదో ఊహించుకోండి.

*

ప్రీమియర్ లీగ్ ఏటా ఇచ్చే అవార్డుల పేర్లు చదివితే చాలు, ఆట చరిత్ర సగం తెలిసిపోతుంది.

అత్యంత విలువైన ఆటగాడి అవార్డు జిమ్ బ్రౌన్ పేరిట ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆయన పేరు తెలియనివాళ్లు అరుదు. కానీ సిరక్యూస్ యూనివర్సిటీలో లాక్రాస్ ఆడి, 1957లో పది మ్యాచుల్లో 43 గోల్స్ కొట్టిన సంగతి ఫుట్‌బాల్ అభిమానుల్లోనే చాలామందికి తెలియదు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్, కాలేజీ ఫుట్‌బాల్, లాక్రాస్ మూడింటి హాల్ ఆఫ్ ఫేమ్‌లలోనూ ఆయనకు చోటు దక్కింది.

ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు ఓరెన్ లయన్స్ పేరిట ఇస్తారు. 1957లో ఓటమి ఎరగని ఆ సిరక్యూస్ జట్టులో బ్రౌన్ గోల్స్ కొడుతుంటే, ఇటు గోల్ కాసింది ఈయనే. ఓనొండాగా మూలవాసి. తమ సంప్రదాయాన్ని కాపాడే ధర్మపెద్ద.

ఉత్తమ మిడ్‌ఫీల్డర్ అవార్డుకు కెనడా కవలలు గ్యారీ, పాల్ గేట్‌ల పేరు పెట్టారు. 1988 కాలేజీ సెమీఫైనల్‌లో గ్యారీ గోల్ వెనక నుంచి పరుగెత్తుకొచ్చి, గాల్లోకి లేచి, అడ్డకడ్డీ పైనుంచి బంతిని వలలో పడేశాడు. జనం దానికి ‘ఎయిర్ గేట్’ అని పేరు పెట్టుకున్నారు. తర్వాత కాలేజీ ఆటలో ఆ విద్యనే నిషేధించారు. ఒక ఆటగాడి కోసం నిబంధన మార్చాల్సి వచ్చిందంటే, అంతకు మించిన బిరుదు ఇంకేం కావాలి?

*

ఈ అవార్డుల్లో నన్ను ఎక్కువసేపు ఆపిన పేర్లు వేరే ఉన్నాయి. ఉత్తమ అటాక్‌మ్యాన్ అవార్డుకు ఈమన్ మెకెనీ పేరు పెట్టారు. 1976, 1977లలో కోర్నెల్ యూనివర్సిటీని జాతీయ విజేతగా నిలిపిన ఆటగాడు, కవి కూడా. 1993లో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌పై బాంబు దాడి జరిగినప్పుడు, తోటి ఉద్యోగులను చేయీచేయీ పట్టించి పొగలోంచి కిందికి దించాడు. 2001 సెప్టెంబరు 11న అదే చోట ప్రాణాలు కోల్పోయాడు.

సేవా అవార్డు వెల్స్ క్రౌథర్‌ది. బోస్టన్ కాలేజీలో లాక్రాస్ ఆడిన 24 ఏళ్ల కుర్రాడు. సెప్టెంబరు 11న దక్షిణ టవర్‌లో ముఖానికి ఎర్రటి చేతిరుమాలు కట్టుకుని, దారి తెలియనివాళ్లను మెట్లదాకా నడిపించి, మళ్లీ పైకి వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆ రోజు ఎర్ర రుమాలు కట్టుకున్న యువకుడు తమను కాపాడాడని బతికి బయటపడ్డవాళ్లు తర్వాత చెప్పారు.

2004లో కోర్నెల్ తరఫున ఆడుతూ, ఛాతీకి బంతి తగిలి మైదానంలోనే కుప్పకూలి చనిపోయిన జార్జ్ బోయార్డీ పేరిట మరొకటి ఉంది. అది పొట్టి కర్రతో రక్షణ చేసే మిడ్‌ఫీల్డర్‌కు ఇస్తారు. స్కోరుబోర్డులో పెద్దగా కనబడని, ఒళ్లు హూనమయ్యే స్థానం అది. ఈ ముగ్గురిలో ఎవరూ ఈ లీగ్‌లో ఒక్క డాలరు సంపాదించలేదు. అయినా డబ్బు కోసం ఆడేవాళ్ల లీగ్ వాళ్ల పేర్లను నెత్తిన పెట్టుకుంది. నాకిది చాలా నచ్చింది.

*

ఆటకు సంబంధించిన పాత గౌరవ మందిరం నేషనల్ లాక్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్. 1957లో బాల్టిమోర్‌లో మొదలైంది. ఇప్పుడు మేరీలాండ్‌లోనే స్పార్క్స్ అనే ఊళ్లో ఉంది. అందులో చేరిన తొలి మహిళ రోజబెల్ సింక్లెయిర్. స్కాట్లండ్‌లో ఆట నేర్చుకుని, 1926లో బాల్టిమోర్‌లోని బ్రిన్ మార్ స్కూల్లో అమ్మాయిల జట్టు కట్టిన పంతులమ్మ. ఆమెకు ఆ గౌరవం దక్కింది 1992లో! కెనడా వాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్ బ్రిటిష్ కొలంబియాలోని న్యూ వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఉంది.

*

ఇక అన్నిటికంటే గుర్తుంచుకోవాల్సిన సంగతి. 1880లో కెనడా లాక్రాస్ సంఘం మూలవాసుల జట్లను ఛాంపియన్‌షిప్ పోటీల నుంచి వెలివేసింది. వాళ్లు డబ్బు తీసుకుని ఆడతారు కాబట్టి ప్రొఫెషనల్స్ అన్నది అప్పుడు చూపిన కారణం. దూరప్రయాణాల ఖర్చులకు ఆ డబ్బు లేనిదే వాళ్లకు గడిచేది కాదు. ఆట పుట్టించినవాళ్లనే, ఆడి సంపాదించారన్న సాకుతో గెంటేశారన్నమాట. హొడెనొషోనీ అనే మూలవాసీ జాతుల కూటమి జట్టు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో తొలిసారి ఆడింది 1990లో, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో. ఆ జట్టును నిలబెట్టినవాళ్లలో ముందువరుసలో ఉన్నది గోల్‌కీపర్ ఓరెన్ లయన్సే. 2014లో కాలేజీ లాక్రాస్ అత్యున్నత పురస్కారం టెవారటన్‌ను ఓనొండాగా అన్నదమ్ములు మైల్స్, లైల్ థాంప్సన్ పంచుకున్నారు. 2020లో ప్రీమియర్ లీగ్ జిమ్ బ్రౌన్ అవార్డు గెలిచిన జెడ్ విలియమ్స్ సెనెకా మూలవాసి.

ప్రొఫెషనల్ ఆటగాళ్లను గౌరవించే మందిరం తన లెక్కను 2001తో మొదలుపెడితే సరిపోదు. 1880లో ‘ప్రొఫెషనల్’ అన్న ముద్ర వేసి బయటికి నెట్టిన మూలవాసులకు కూడా అక్కడ ఒక గోడ దక్కాలి.

*

చివరిగా మనకు దగ్గర విషయం. 1908 తర్వాత లాక్రాస్ పతకాల ఆటగా ఒలింపిక్స్‌కు తిరిగి వస్తోంది, 2028 లాస్ ఏంజెలెస్‌లో. జట్టుకు ఆరుగురితో ఆడే పొట్టి రూపంలో. ఆ నిర్ణయం తీసుకున్నది 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే, క్రికెట్‌కు కూడా తలుపు తెరిచిన రోజునే. 2028లో క్రికెట్ కోసం టీవీ పెట్టినప్పుడు, ఒక్క లాక్రాస్ మ్యాచ్ కూడా చూడండి.