జనగణమన వరుస - మధ్యమాంతవిచారము

హార్స్లీ హిల్స్ అని వ్యవహరింపబడు ఏనుగు మల్లమ్మ కొండకు సమీపముననున్న మదనపల్లెలో, బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలయందు, 1919 ఫిబ్రవరి మాసమున రవీంద్రనాథ ఠాకూరు కొన్నిదినములు విడిసియుండెను. కళాశాలాధ్యక్షుడు జేమ్స్ కజిన్స్. ఆయన సతి మార్గరెట్ ఐర్లండున పాశ్చాత్యసంగీతము నభ్యసించిన విదుషి. 1911 డిసెంబరు 27వ తేదిని కలకత్తా కాంగ్రెసులో తొలుత పాడబడిన 'జనగణమన' గీతమును కవి యచట పాడి వినిపింపగా, దాని వరుసను ఆమె పాశ్చాత్యస్వరలిపిలో నెక్కించెను. ఈ వృత్తాంతము పలువురెఱిగినదే. లిపికెక్కిన వరుస యేమి తెలుపుచున్నదో విచారించినవా రరుదు.

పియానో మెట్లు దేనికది వేఱు. స్వరమునుండి స్వరమునకు జారుట వానికి శక్యము గాదు. కావున పియానోకనువైన లిపి సంహితకు పదపాఠము వంటిది. గమకములు పోవును, అది నష్టమే. కాని సంహితలో మఱుగుపడిన దొకటి పదపాఠమున తేటపడుటయు గలదు.

మన పరిభాషలో ఈ వరుస శంకరాభరణమునకు దగ్గఱ. స-రి-గ యని యెక్కి గాంధారమునే పలుమాఱు పట్టుకొనును. 'మరాఠా' యనుచోట ప్రతిమధ్యమ మొకమాఱు తొంగిచూచి, 'ద్రావిడ' యనగానే శుద్ధమధ్యమమునకు తావిచ్చును, ఉత్సర్గమునడుమ అపవాదమన్నమాట. తుది 'జయ'లు సస-రిరి-గగ-రిగమ యని మధ్యమమున నిలిచిపోవును. షడ్జమునకు రావు.

ఇది లోపమా? రాబర్ట్ షూమన్ 1838లో కూర్చిన 'బాల్యదృశ్యములు' అను పదుమూడు పియానో ఖండికలలో నాల్గవది 'వేడుకొను శిశువు'. అదియు షడ్జమున ముగియదు. పంచమ మాధారముగా, మధ్యమము గూడిన స్వరకూటముపై నాగిపోవును. శిశువు అడిగినది, తల్లి యింకను పలుకలేదు. ఉత్తరము తరువాతి ఖండికలో నున్నది. దానిపేరు 'చాలినంత సుఖము'. శాబ్దబోధమున మన మాకాంక్ష యనునది యిదియే. 'దేవదత్తుడు' అని యూరకుండినచో చెవి క్రియను వెదకును. నాల్గవ ఖండికను మాత్రము వాయించి లేచువాడు శ్రోతను ఆకాంక్షలో విడిచి పోయినట్లే.

ఠాకూరు గీతమునకు చరణము లైదు. 1950 జనవరి 24వ తేదిని రాజ్యాంగసభలో జాతీయగీతముగా గైకొనబడినది మొదటిచరణము మాత్రమే. దానిని సుమారు 52 సెకండ్లలో పాడుదురు. మధ్యమమున నిలిచిన జయశబ్దము రెండవచరణమున కెదురుచూచుచున్నదని నా యూహ. నేనెఱిగిన యొక పాఠశాలలో హార్మోనియము వాయించు నుపాధ్యాయుడు తుదను షడ్జము చేర్చి వరుసను 'పూర్తి' చేయజూచెను. బాలు రాయనను లెక్కింపక మధ్యమముననే నిలిచిరి.