పంచదార ఎప్పుడు విరుగుతుంది?

అనకాపల్లి వైపు బెల్లం వండేచోట కాసేపు నిలబడి చూడండి. గానుగ నుంచి దిగిన చెరుకు రసాన్ని పెనంలో పోసి, మంట అందుకున్నాక అందులో కొంచెం సున్నపు తేట కలుపుతారు. ఎందుకని అడిగితే, "సున్నం పడకపోతే బెల్లం గట్టిపడదండీ, దిమ్మ చెమరుస్తుంది" అంటారు. మిఠాయి కొట్టులో వంటమాస్టరు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేస్తాడు. పాకంలో నిమ్మచెక్క పిండుతాడు. అలా పిండితే పాకం చల్లారాక పలుకు కట్టదు. ఒకరు పులుపును చంపుతున్నారు, ఒకరు పులుపును పిలుస్తున్నారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే రసాయన చర్య. దాని వేగాన్ని ఒకరు తగ్గించుకుంటున్నారు, ఇంకొకరు పెంచుకుంటున్నారు.

ఆ చర్య చాలా చిన్నది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు చేయి చేయి పట్టుకుంటే ఒక పంచదార అణువు. ఒక నీటి అణువు మధ్యలో దూరి ఆ పట్టు విడిపిస్తుంది. విడిపోయిన రెండూ కలిసి ఉన్న ద్రవం ఒక పట్టాన పలుకు కట్టదు, పైగా గాలిలో తేమను లాక్కుంటుంది. మిఠాయికి అది మేలు, బెల్లానికి చేటు.

నీళ్లలో కరిగిన పంచదార ఎప్పటికైనా విరగాల్సిందే. శక్తి లెక్కలన్నీ అటువైపే మొగ్గుతాయి. కానీ "జరుగుతుంది" అనే మాట వేరు, "ఎప్పుడు జరుగుతుంది" అనే మాట వేరు. ఆమ్లం గానీ ఎంజైమ్ గానీ లేని శుద్ధమైన నీటిలో, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సగం పంచదార విరగడానికి పట్టే కాలం సుమారు 440 ఏళ్లు. 1591లో హైదరాబాద్‌కు పునాది వేసిన రోజున ఎవరో ఒక సీసాలో పంచదార నీళ్లు కలిపి, సూక్ష్మజీవి సోకకుండా మూత బిగించి పెట్టారనుకుందాం. ఇవాళ తీసి చూస్తే ఇంకా సగం పంచదార అలాగే ఉంటుంది. అదే పంచదార మన చిన్నపేగులో నిమిషాల మీద విరిగిపోతుంది. 440 ఏళ్లకూ కొద్ది నిమిషాలకూ మధ్య ఉన్నదంతా చర్యా వేగం కథే.

ఆ వేగాన్ని మొదట కొలిచి చూసినవాడు లుడ్విగ్ విల్హెల్మీ అనే జర్మన్. 1850లో ఆయన ఎంచుకున్నది కూడా పంచదారనే. కారణం ఉంది. పంచదార ద్రావణం గుండా ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని పంపితే ఆ కాంతి తలం కుడివైపు తిరుగుతుంది. విరిగిన మిశ్రమం గుండా పంపితే ఎడమవైపు తిరుగుతుంది. గొట్టంలో ద్రావణం పోసి, దాన్ని ముట్టుకోకుండా, కాంతి ఎంత తిరిగిందో చూస్తూ కూర్చుంటే లోపల ఎంత విరిగిందో గడియ గడియకూ తెలిసిపోతుంది. ఆమ్లం కలిపి ఆయన చేసిన కొలతల్లో తేలింది ఇది: ఏ క్షణంలోనైనా విరిగే వేగం అప్పటికి మిగిలి ఉన్న పంచదారను బట్టి ఉంటుంది. మొదట్లో ఎక్కువ ఉంటుంది కాబట్టి జోరుగా విరుగుతుంది, పోనుపోను నెమ్మదిస్తుంది. సగం విరగడానికి గంట పడితే, మిగిలిన సగంలో సగం విరగడానికి మళ్లీ గంట పడుతుంది. ఇంత ముఖ్యమైన పనిని ముప్పై ఏళ్లకు పైగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రసాయన శాస్త్రవేత్త ఆస్ట్‌వాల్డ్ తవ్వి తీసేదాకా అది పాత పత్రికల అడుగున పడి ఉంది.

గాఢత సంగతి బడి పుస్తకాల్లో ఒక వాక్యంలో తేల్చేస్తారు. అణువులు ఎక్కువుంటే ఎక్కువసార్లు ఢీకొంటాయి, కాబట్టి చర్య త్వరపడుతుంది. నిజమే. అయితే ఎవరి గాఢత అన్నది చూసుకోవాలి. పంచదార విరగడంలో ఆమ్లం ఖర్చు కాదు, చివరికి మొదట ఎంత ఉందో అంతే మిగులుతుంది. అయినా వేగం దాని చెప్పుచేతల్లోనే ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఆమ్లత్వం పదో వంతుకు పడిపోతుంది, దానితో పాటు విరిగే వేగమూ పదో వంతుకు దిగుతుంది. తాజా చెరుకు రసం పీహెచ్ 5 పైచిలుకు. సున్నపు తేట దాన్ని ఏడు వైపు నెడుతుంది. బెల్లం వండేవాడు పీహెచ్ అనే మాట ఎన్నడూ వాడకపోవచ్చు. కానీ సున్నం మరీ ఎక్కువైతే బెల్లం నల్లబడుతుందనీ, తక్కువైతే చెమరుస్తుందనీ అతనికి తెలుసు. ఆ రెండు అంచుల మధ్య సన్నని దారి మీద ప్రతి పెనాన్నీ నడిపిస్తాడు.

ఇక వేడి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే అందరికీ తెలుసనిపించే ఈ సంగతిలోనే అసలు వింత ఉంది. వేడెక్కితే అణువులు వేగంగా కదులుతాయి, ఎక్కువగా ఢీకొంటాయి, అందుకే చర్య వేగం పెరుగుతుందని చాలామంది చెబుతారు. లెక్క వేసి చూడండి. 27 డిగ్రీల నుంచి 37 డిగ్రీలకు వెళితే అణువుల సగటు వేగం రెండు శాతం కూడా పెరగదు. కానీ చాలా చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. పంచదార ఆమ్లంలో విరిగే వేగమైతే పది డిగ్రీలకు దాదాపు నాలుగింతలవుతుంది. రెండు శాతం ఎక్కడ, నాలుగింతలు ఎక్కడ?

స్వీడన్‌కు చెందిన స్వాంటె అరీనియస్‌ను 1889లో పట్టి పీడించిన ప్రశ్న ఇదే. ఆయన ముందు పెట్టుకున్నదీ పంచదార కొలతలనే. ఆయన చెప్పిన జవాబును ఇవాళ్టి మాటల్లో చెప్పుకుంటే, ఢీకొన్న ప్రతి జంటా చర్యలోకి దిగదు. పాత బంధం తెగాలంటే ముందు ఒక గట్టు ఎక్కాలి. ఆ గట్టు ఎత్తునే ఉత్తేజన శక్తి అంటాం. పది డిగ్రీలకు వేగం రెట్టింపయ్యే ఒక మామూలు చర్యను తీసుకుంటే, 27 డిగ్రీల దగ్గర వెయ్యి కోట్ల తాకిడుల్లో ఆ గట్టు ఎక్కే సత్తువ ఉన్నవి సుమారు ఆరు. 37 డిగ్రీల దగ్గర పన్నెండు. గుంపు మొత్తం దాదాపు ఎప్పటిలాగే ఉంది, కొసన ఉన్న ఆ గుప్పెడు మాత్రం రెట్టింపయింది. చర్య జరిపించేది ఆ కొసవాళ్లే. గట్టు ఎంత ఎత్తుగా ఉంటే వేడికి చర్య అంతగా స్పందిస్తుంది. పంచదారకు గట్టు ఎత్తు ఎక్కువ, అందుకే నాలుగింతలు.

ఇప్పుడు బెల్లం పెనం దగ్గరికి వెళదాం. పది డిగ్రీలకు నాలుగింతల చొప్పున (పైకి పోయేకొద్దీ ఈ పెరుగుదల కొంచెం తగ్గుతుంది) 25 నుంచి 100 డిగ్రీలకు లెక్కిస్తే, ఆమ్లం పంచదారను విరిచే వేగం కొన్ని వేల రెట్లవుతుంది. బయట పాత్రలో పెద్దగా ఏమీ చేయలేని ఆ కొద్దిపాటి పులుపు, పెనం మీద దొంగలా పనిచేస్తుంది. సున్నం మంట పెట్టిన తొలి దశలోనే ఎందుకు కలుపుతారో దీంతో అర్థమవుతుంది.

గట్టు ఎక్కలేనివాళ్లకు ఇంకో ఉపాయం ఉంది, పక్కనుంచి చిన్న దారి తవ్వడం. ఉత్ప్రేరకం చేసేది ఆ పనే. ఆమ్లం ఒక మాదిరి దారి తవ్వుతుంది. ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ తవ్వే దారి ఎత్తు ఇంకా చాలా తక్కువ. ఈ ఎంజైమ్ ఈస్ట్‌లో ఉంటుంది, చెరుకులోనూ ఉంటుంది. 1913లో బెర్లిన్‌లో లియోనార్ మైకేలిస్, కెనడా నుంచి వచ్చిన మాడ్ మెంటెన్ కలిసి దీని వేగాన్ని కొలిచారు. వాళ్ల గొట్టంలో ఉన్నదీ పంచదారే! పంచదార గాఢత పెంచుతూ పోతే వేగం కొంతవరకూ పెరిగి, ఆ తర్వాత ఎంత పోసినా పెరగడం మానేస్తుందని వాళ్లు చూపించారు. ఎంజైమ్ అణువులన్నీ పనిలో మునిగి ఉంటే వచ్చినవాళ్లు వరసలో నిలబడాల్సిందే, టికెట్ కౌంటర్లు నాలుగే ఉన్నట్టు. పైగా ఎంజైమ్ వేడికి తట్టుకోదు. కొంతవరకూ వేడి దాన్ని పరుగెత్తిస్తుంది, హద్దు దాటితే రూపం చెడి మూలన పడుతుంది. పెనంలో రసం మరిగేటప్పటికి ఇన్వర్టేజ్ చచ్చిపోతుంది, అక్కడ మిగిలే శత్రువు ఆమ్లమే. చేలో కొట్టిపడేసిన చెరుకులో మాత్రం ఎంజైమ్‌దే రాజ్యం.

చెరుకు సంగతికి వచ్చేముందు, చర్యా వేగాన్ని పెంచే, ఎవరూ పెద్దగా భయపడని ఇంకో అంశం గురించి చెప్పాలి. అదే పొడి. సెంటీమీటరు అంచున్న పంచదార బిళ్లకు గాలి తగిలే పైభాగం ఆరు చదరపు సెంటీమీటర్లు. అగ్గిపుల్ల చూపిస్తే అది కరిగి నల్లబడుతుందే తప్ప భగ్గుమనదు. దాన్నే మిల్లీమీటరులో నూరో వంతు ఉండే ముక్కలుగా నూరితే పైభాగం ఆరు వేల చదరపు సెంటీమీటర్లకు చేరుతుంది. ఆ పొడి గాలిలో లేచి ఉన్నప్పుడు ఒక్క రేణువు అంటుకుంటే చాలు. దాని వేడి పక్కదాన్ని గట్టు ఎక్కిస్తుంది, అది ఆ పక్కదాన్ని. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రం, పోర్ట్ వెంట్‌వర్త్‌లో ఇంపీరియల్ షుగర్ కర్మాగారంలో జరిగింది ఇదే. గోదాముల కింద పంచదార మోసే కన్వేయర్‌కు, చెత్త పడకుండా అంతకుముందే స్టీలు రేకుల మూత బిగించారు. లోపల పొడి పేరుకుంది, అంటుకుంది. ఆ కుదుపుకు నేల మీదా దూలాల మీదా ఏళ్లుగా పేరుకున్న దుమ్ము గాలిలోకి లేచి, వరసగా పేలుళ్లు జరిగాయి. 14 మంది చనిపోయారు. పిండిమరలు, పసుపు, కారం మరలు నడిపేవాళ్లు దూలాల మీద దుమ్ము తుడిపించడాన్ని శుభ్రత ఖాతాలో రాయకూడదు, భద్రత ఖాతాలో రాయాలి.

చెరుకు దగ్గరికి వద్దాం. అనకాపల్లిలో చెరుకు పరిశోధన మొదలైందీ 1913లోనే. నరికిన చెరుకును 24 గంటల్లోపు గానుగాడించాలని అక్కడి ఏ శాస్త్రవేత్తను అడిగినా చెబుతాడు. కోత పడ్డ గడ నీరు కోల్పోతూ తూకం తగ్గుతుంది. ఇది రైతు నష్టం. లోపల ఇన్వర్టేజ్, తెగిన చోట చేరిన బ్యాక్టీరియా పంచదారను విరుస్తూనే ఉంటాయి. ఇది రికవరీ నష్టం, అంటే చెరుకు తూకంలో చేతికొచ్చే పంచదార శాతం తగ్గడం. జనవరి చలిలో నెమ్మదిగా జరిగే ఈ పని, ఏప్రిల్ ఎండలో పరుగందుకుంటుంది. యంత్రంతో చిన్న ముక్కలుగా నరికితే తెగిన చోట్లు ఎక్కువ, పాడు ఇంకా త్వరగా.

కేంద్రం నిర్ణయించే చెరుకు ధర రికవరీ శాతానికే ముడిపడి ఉంది. 2024-25 సీజనులో 10.25 శాతం రికవరీకి క్వింటాకు 340 రూపాయలుగా నిర్ణయించారు. కాబట్టి మిల్లు గేటు ముందు ఎండలో రెండు రోజులు వరసకట్టిన ట్రాక్టర్లలో కరిగిపోయేది డబ్బే. కటింగ్ ఆర్డరు ఇచ్చే అధికారులు మిల్లు ఆడగలిగినంతకే ఆర్డర్లు రాయాలి. రైతులు ఆర్డరు చేతికి రాకముందే కొడవలి పట్టొద్దు. కొట్టిన చెరుకు ఆగిపోక తప్పకపోతే నీడకు చేర్చి, ఎండాకు కప్పి, పైన నీళ్లు చల్లండి.