కంప్యూటర్ల పరుగు నెమ్మదించిందా?



"ఈ ఫోను పాతదైపోయిందమ్మా, ఇంక పనికిరాదు" అంటారు పిల్లలు. "కంప్యూటర్ కొని ఆరేళ్ళయిందిగా, కొత్తది తీసుకోండమ్మా" అంటాడు షాపతను. నెలఖర్చుల పద్దు చూసుకునే మనకి మాత్రం సందేహం వస్తుంది. ఈ యంత్రాలు నిజంగా అంత తొందరగా పాతబడిపోతున్నాయా? కంప్యూటర్ల అభివృద్ధి వెనుకటి వేగంతోనే సాగుతోందా, లేక నెమ్మదించిందా? వేల రూపాయల ఖర్చుతో కూడిన ప్రశ్న కనుక జవాబు తెలుసుకోవడం మంచిది. భయపడకండి, ముగ్గు వెయ్యడం వచ్చినవాళ్ళకి ఇది కొరుకుడుపడని విషయమేమీ కాదు.

ఒకప్పుడు మన ఇళ్ళల్లో చిన్న రేడియోని "ట్రాన్సిస్టర్" అనేవాళ్ళం, గుర్తుందా? నిజానికి అది రేడియో పేరు కాదు, దాని లోపల వుండే చిన్న భాగం పేరు. కరెంటుని పంపడం, ఆపడం, బలం పెంచడం దాని పని. 1947లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలో పుట్టింది. ఆనాటి రేడియోలో అలాంటివి ఏ ఆరో ఏడో వుండేవి. కంప్యూటర్‌కి మెదడులాంటి చిప్పు కూడా ట్రాన్సిస్టర్ల సముదాయమే. 1971లో ఇంటెల్ కంపెనీ తెచ్చిన 4004 అనే చిప్పులో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లుండేవి. 2020లో ఆపిల్ కంపెనీ తెచ్చిన ఎమ్1 చిప్పులో 1,600 కోట్లున్నాయి. అంటే సుమారు డెబ్భై లక్షల రెట్లు!

ఇదెలా సాధ్యమైంది? మన వాకిలి వున్నదే వుంటుంది. చుక్కల మధ్య దూరం సగానికి తగ్గిస్తే, అదే వాకిట్లో నాలుగింతల చుక్కలు పడతాయి కదా! చిప్పు తయారీలో జరిగిందీ అదే. సిలికాన్ పలక మీద వెలుతురు సాయంతో నానాటికీ సన్నటి గీతలు గీస్తూ వచ్చారు. చిప్పులో పట్టే భాగాల సంఖ్య ఏటా రెట్టింపవుతోందని గోర్డన్ మూర్ అనే శాస్త్రజ్ఞుడు 1965లో రాశాడు. 1975లో ఆ లెక్క సవరించి, ఇక మీదట రెండేళ్ళకోసారి రెట్టింపవుతుందన్నాడు. దీన్నే "మూర్ సూత్రం" అంటారు. ఇది ప్రకృతి నియమమేమీ కాదు. ఒక అంచనా, అంతే. కంపెనీలన్నీ దాన్నే గురిగా పెట్టుకుని పనిచెయ్యడంతో దశాబ్దాలపాటు నిజమవుతూ వచ్చింది.

అయితే ఎంత చెయ్యి తిరిగినవాళ్ళయినా ముగ్గుపిండి రేణువు కన్నా సన్నటి గీత గియ్యలేరు. సిలికాన్‌కీ అలాంటి రేణువుంది, అదే అణువు. ఇవాళ చిప్పులో కొన్ని భాగాల మందం పదుల అణువుల లెక్కలోకి వచ్చేసింది. ఇంకా సన్నం చెయ్యడం ఆగిపోలేదు గాని, అడుగడుక్కీ కష్టం, ఖర్చూ పెరుగుతున్నాయి. అంత సన్నటి గీతలకి కావలసిన ప్రత్యేక వెలుతురు యంత్రాల్ని ప్రపంచం మొత్తం మీద నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎమ్ఎల్ అనే కంపెనీ ఒక్కటే అమ్ముతోంది. ఒక్కో యంత్రం ఖరీదు పదిహేను కోట్ల డాలర్ల పైమాటే! ఇక అలాంటి యంత్రాలతో ఫ్యాక్టరీ పెట్టాలంటే వెయ్యి కోట్ల డాలర్లు కూడా చాలకపోవచ్చు.

రెండో అడ్డంకి వేడి. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ దానికి పెట్టే కరెంటూ తగ్గించవచ్చు, కనుక చిప్పు వేడెక్కదు అని రాబర్ట్ డెనార్డ్ బృందం 1974లో చూపించింది. 2005 ప్రాంతం వచ్చేసరికి ఆ వెసులుబాటు కరిగిపోయింది. కట్టేసినా బొట్టు బొట్టు కారే కుళాయిలాగా, మరీ చిన్న ట్రాన్సిస్టర్లలోంచి కరెంటు కారిపోవడం మొదలైంది. ఫలితం చూడండి. 1993లో వచ్చిన పెంటియమ్ చిప్పు సెకనుకి సుమారు ఆరు కోట్ల సార్లు అడుగు వేసేది. 2002 నాటికి అది మూడు వందల కోట్లు దాటింది. తొమ్మిదేళ్ళలో సుమారు యాభై రెట్లు! ఆ తర్వాత ఇరవై ఏళ్ళు గడిచాక, 2023లో, బజారులో దొరికే అతి వేగమైన చిప్పు ఆరు వందల కోట్ల దగ్గర నిలిచింది. అంటే రెట్టింపే!

మరి ఏం చేశారు? వంటమనిషి చేతివేగం పెరగకపోతే ఇంకో ఇద్దర్ని పెట్టుకుంటాం. అలాగే ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది మెదళ్ళు పెట్టారు. ఇది కొంతవరకే లాభం. పులిహోరకి ఒకరు పోపు వేస్తుంటే ఇంకొకరు చింతపండు పులుసు ఉడికించవచ్చు. కాని అన్నం ఉడికి చల్లారందే ఎంతమంది వున్నా కలపలేరు. కంప్యూటర్ పనుల్లోనూ అలా ఒకదాని వెనక ఒకటి జరగవలసినవి చాలా వున్నాయి.

"మరి మనిషిలా మాట్లాడే చాట్‌జీపీటీ లాంటివి 2022 నుంచే గదా వస్తున్నాయి?" అని మీరడగవచ్చు. నిజమే. అయితే ఆ తెలివి మన చేతిలోని ఫోన్లో లేదు. ఎక్కడో పెద్ద పెద్ద భవనాల్లో, ఆ ఒక్క రకం లెక్కలకే తయారు చేసిన చిప్పుల్ని వేల సంఖ్యలో పేర్చి, బోలెడంత కరెంటు ఖర్చుపెట్టి దాన్ని నడుపుతున్నారు. కనుక అభివృద్ధి ఆగిందనడం తప్పు. అన్నిట్లోనూ ఒకేలా సాగుతోందనడమూ తప్పే. వెనకటికి వేగం తనంతట తాను, చవగ్గా పెరిగేది. ఇప్పుడు డబ్బు పోసి, తెలివి పెట్టి, ఒక్కో పనికి విడిగా సాధించుకోవలసి వస్తోంది.

ఇక మన ఇంటి సంగతి. 1990లలో నాలుగేళ్ళనాటి కంప్యూటర్ అంటే నిజంగానే వెనకబడినట్టే. ఇప్పుడలా కాదు. ఉత్తరాలు రాయడానికీ, పిల్లల పాఠాలకీ, అమెరికాలో వున్న అమ్మాయితో ముఖాముఖీ మాట్లాడ్డానికీ ఏడెనిమిదేళ్ళనాటి యంత్రం చాలాసార్లు సరిపోతుంది. అది నత్తనడక నడుస్తోందంటే చిప్పు ముసలిదైందని కాదు, మనం వాడే ప్రోగ్రాములు బరువెక్కుతున్నాయని. యంత్రాల వేగం పెరిగేలోపే ప్రోగ్రాముల బరువు పెరిగిపోతోందని నిక్లాస్ విర్త్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు 1995లోనే హెచ్చరించాడు.

కాబట్టి కొత్తది కొనేముందు మూడు సంగతులు విచారించండి. లోపల పాతకాలపు హార్డ్‌డిస్క్ వుంటే, దాని బదులు ఎస్ఎస్‌డీ వేయించి, వీలైతే మెమరీ పెంచమనండి. చాలా యంత్రాలు దాంతోనే చురుగ్గా లేస్తాయి. ఫోను త్వరగా చచ్చిపోతోందంటే ముందు బ్యాటరీ మార్పించి చూడండి. మూడోది ముఖ్యం, భద్రత కోసం కంపెనీ పంపే అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయో లేదో కనుక్కోండి. యంత్రం బాగానే వున్నా ఆ సాయం ఆగిపోతే, బ్యాంకు లావాదేవీలు దాంతో చెయ్యడం ప్రమాదం. ఉదాహరణకి విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ కంపెనీ సాధారణ సేవలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. కొన్ని పాత కంప్యూటర్లలో విండోస్ 11 ఎక్కదు. అలాంటప్పుడు కొత్తది కొనడం దుబారా అనిపించుకోదు.

చీర చిరిగితే మార్చుకుంటాం, పక్కింటివాళ్ళు కొత్తది కట్టారని కాదు. ఈ యంత్రాల విషయంలోనూ అదే వివేకం చాలు. "పాతదైపోయింది" అని ఎవరన్నా అంటే, "ఏ పనికి పాతదైంది?" అని అడగండి. జవాబు సూటిగా రాకపోతే పర్సు తెరవవలసిన పని లేదు.