నాటకాల పడవ మన కాలువలకు ఎందుకు రాలేదు?

హైదరాబాద్‌లోని గౌలిపురకు మూసీ ఎంతో దూరం కాదు. అయినా అందులో నాటకాల పడవ లంగరేసిందని చెప్పుకునే ముసలివాళ్లు పాతబస్తీలో దొరకరు. వానల్లో ఉరికి, ఎండల్లో బండలు తేలే నది అది. 1908 సెప్టెంబరులో ఊరిని ముంచింది గానీ, పెద్ద పడవను ఏడాది పొడవునా మోసే నీళ్లు దానికి లేవు. మూసీ సంగతి సరే, గోదావరి, కృష్ణా డెల్టాల మాటేమిటి? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత తవ్విన కాలువల మీద ధాన్యం, జనం పడవల్లోనే తిరిగారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టున నడుస్తూ తాడు లాగే మనుషులు. బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా నీటిదారి ఉండేది. నాటకాల పిచ్చికీ లోటు లేదు. ఇన్ని ఉన్నా తేలే నాటకశాల ఇక్కడ ఒక వ్యాపారంగా నిలబడలేదు.

అది నిలబడిన చోటు అమెరికా. ఇంగ్లండు నుంచి వెళ్లిన చాప్మన్ కుటుంబం 1831లో పిట్స్‌బర్గ్ దగ్గర పడవ మీద నాటకశాల కట్టించి, ఒహాయో, మిసిసిపీ నదుల వెంట ఊరూరా ఆడుకుంటూ దిగువకు సాగింది. ఎదురు ప్రవాహంలో వెనక్కి తేవడం కష్టం కనుక న్యూఆర్లీన్స్ చేరాక పడవను కట్టెలకింద అమ్మేసి, మరుసటి ఏడు పైన కొత్తది కట్టేవారు! 1914లో ఆటలు మొదలుపెట్టిన జేమ్స్ ఆడమ్స్ తేలే నాటకశాలకు సొంత ఇంజనే లేదు, టగ్ పడవలు లాక్కెళ్లేవి. అందులో కొన్నాళ్లు గడిపాకే ఎడ్నా ఫెర్బర్ 1926లో ‘షో బోట్’ నవల వెలువరించారు. ఈ పడవలను నీటి మీద మోజు పుట్టించలేదు. ఒడ్డున ఊళ్లు విసిరేసినట్టుండేవి, రోడ్లు అధ్వానం, నాటకానికి కప్పున్న చోటు లేదు. అందుకని కప్పునే వెంట తీసుకెళ్లారు.

మన దగ్గర ఆ అవసరం పడలేదు. నాలుగు గుంజలు, తాటాకు పందిరి, పెట్రోమాక్స్ దీపం ఉంటే రంగస్థలం తయారు. పైగా కోతలయ్యాక రైతుకు తీరిక దొరికే ఎండాకాలంలోనే మరమ్మతులకని కాలువలు కట్టేసేవారు. జనం ఖాళీగా ఉండే రోజుల్లో నీళ్లుండవు, నీళ్లున్న రోజుల్లో జనం చేలో ఉంటారు. ధాన్యం పడవల కొలతకు కట్టిన లాకుల్లోంచి ఒక నాటకశాల దూరడం మరో చిక్కు. పెట్టుబడి లేక రాలేదనే వాదన ఉంది గానీ, 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజాన్ని చూస్తే అది నిలవదు. ఆ కుటుంబాలు తెరలు, తీగల మీద ఎగిరే పాత్రలు, వంటసామాన్లు, పసిపిల్లలతో సహా ఊళ్లు తిరిగాయి. అంత సరంజామా మోసినవాళ్లకు పడవ ఒక లెక్కా? బల్లకట్టు మీద దిగినా బండి మీద దిగినా వాళ్ల ఆట మాత్రం నేల మీదే.

నీటి మీద వేడుకే మనకు లేదంటే తప్పు. తిరుమల పుష్కరిణిలో ఫాల్గుణ పౌర్ణమితో ముగిసేలా అయిదు రాత్రులు తెప్పోత్సవం జరుగుతుంది. మొదటి రాత్రి సీతారాములు, రెండో రాత్రి రుక్మిణీ కృష్ణులు, తక్కిన మూడు రాత్రులు ఉభయ దేవేరులతో మలయప్పస్వామి. భద్రాచలంలో ముక్కోటికి ముందు రోజు సాయంత్రం హంసవాహనం గోదావరి మీద తిరుగుతుంది. విజయదశమినాడు కృష్ణమ్మ మీద దుర్గామల్లేశ్వరులది అదే వైభవం. ఇది భక్తి గానీ ప్రదర్శన కాదు కదా అనవచ్చు. దేవుడికి చేసేది సేవే, ఒప్పుకుంటాను. కానీ పుష్కరిణి మెట్ల మీద కూర్చున్నవాడిని తలచుకోండి. దీపాల తోరణాలతో తెప్ప మెల్లగా ఒరుసుకుంటూ వస్తుంది, నాదస్వరం దగ్గరై మళ్లీ దూరమవుతుంది, ఈసారి తన వైపు తిరిగినప్పుడు స్వామి ముఖం కనబడాలని మెడ సాచుతాడు. అలంకారం, వెలుగు, సంగీతం, ఎదురుచూపు, గ్యాలరీలాంటి మెట్లు... నాటకశాలకు కావలసినవన్నీ ఉన్నాయి, టిక్కెట్టు తప్ప. ఆ టిక్కెట్టే అసలు తేడా. చాప్మన్ పడవ జనాన్ని వెతుక్కుంటూ రేవు రేవుకూ పోవాలి, లేకపోతే పూట గడవదు. తెప్ప ఎక్కడికీ పోనక్కరలేదు, తిథి చూసుకుని జనమే వస్తారు.

గౌలిపురలో ఇంకో రివాజు, ఇక్కడ వేడుకే వీధుల వెంట జనం ముందుకు నడిచి వస్తుంది. ఆషాఢ బోనాల మరునాడు పాతబస్తీ గుళ్ల ఘటాలన్నీ ఊరేగింపుగా కదులుతాయి. ముందు ఒళ్లంతా పసుపు పూసుకుని కొరడా ఝళిపిస్తూ పోతరాజులు, వెనక డప్పులు, మిద్దెల మీద జనం. హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయ ఘటం ఏనుగు అంబారీ మీద వస్తుంది. దారి పొడవునా ఆగుతూ, ఆడుతూ పోయి, చీకటి పడేవేళకు నయాపూల్ కింద మూసీ నీళ్లను చేరుతుంది.