పుట్టినచోటే పేచీ

రాజంపేట కుర్రాళ్లిద్దరు ఉన్నారనుకుందాం. అన్నదమ్ములు. నాన్న కువైట్‌లో అకౌంటెంటు. తొలి కాన్పుకి అమ్మ పుట్టింటికి వచ్చింది, పెద్దాడు రాజంపేటలో పుట్టాడు. రెండోసారి ప్రయాణం కుదరక అక్కడే ఉండిపోయింది, చిన్నాడు కువైట్ ఆసుపత్రిలో కళ్లు తెరిచాడు. ఇద్దరిదీ భారత పాస్‌పోర్టే. ఒకే ఇంజినీరింగ్ కాలేజీ, అమెరికాలో ఒకే ఎమ్మెస్, డాలస్‌లో ఒకేలాంటి ఉద్యోగాలు. ఇద్దరికీ కంపెనీలు ఒకే రోజు గ్రీన్‌కార్డుకు పెట్టాయి. చిన్నాడికి కొన్నేళ్లలో కార్డు చేతికొస్తుంది. పెద్దాడికి పిల్లల పెళ్లిళ్లనాటికి వస్తే అదృష్టమే.

పెద్దాడు చేసిన తప్పల్లా అమ్మమ్మగారి ఊళ్లో పుట్టడం. ఎవరిని ఏ వరుసలో నిలబెట్టాలన్నప్పుడు అమెరికా చట్టం పాస్‌పోర్టును చూడదు, పుట్టిన నేలను చూస్తుంది. వీసాల గురించి మన ఇళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో నలిగే ప్రశ్నలు వందుంటాయి. చాలావాటి మొదలు వెతుక్కుంటూ పోతే ఓ ఊరి దగ్గరో, ఓ తేదీ దగ్గరో తేలుతుంది.

ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి దాదాపు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ 7 శాతానికి మించి ఇవ్వకూడదని 1990 నాటి చట్టం. ఐస్‌లాండ్‌కీ అంతే, ఇండియాకీ అంతే. పైగా భార్యాపిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు కనుక నలుగురున్న ఇంటికి నాలుగు కార్డులు ఖర్చు. 2025 అక్టోబరు వీసా బులెటిన్ తీసి చూస్తే మాస్టర్స్ చదివినవాళ్లు నిలబడే ఈబీ-2 కేటగిరీలో మన వరుస 2013 ఏప్రిల్ 1 దగ్గర ఉంది. పెద్దగా వరుసల్లేని మిగతా దేశాలన్నిటికీ అదే కేటగిరీ 2023 డిసెంబరు దాకా వచ్చేసింది.

చట్టంలో ఒక సందు ఉంది. భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే రెండోవారూ ఆ దేశపు వరుసలో నిలబడొచ్చు. మన పెద్దాడు మస్కట్‌లో పుట్టిన తెలుగమ్మాయిని చేసుకుంటే పదేళ్ల వరుస దాటేసినట్టే. పెళ్లిచూపుల్లో గోత్రం అడిగాక ఇకమీదట ఇదీ అడుగుతారేమో! అయితే పిల్లలు పుట్టిన చోటు మాత్రం తల్లిదండ్రులకు ఈ వరుసలో అక్కరకు రాదు.

ఆ కాగితం ఎవరిది?

గ్రీన్‌కార్డు వచ్చేదాకా పనిచేయించే హెచ్-1బీ వీసా నాది అనుకుంటారు చాలామంది. కానీ దరఖాస్తుదారు కంపెనీ. ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. లాటరీలో పేరు ఎంపికై, పిటిషన్ ఆమోదమైతే అక్టోబరు 1 నుంచి ఉద్యోగం. మూడేళ్లు, పొడిగిస్తే ఆరేళ్లు. 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల రుసుము ప్రకటన ఇక్కడ చాలా ఇళ్లలో నిద్ర లేకుండా చేసింది. అమెరికా బయట ఉన్నవారి కొత్త పిటిషన్లకే అది వర్తిస్తుందని, అక్కడే చదువుకుంటూ విద్యార్థి వీసా ఎఫ్-1 నుంచి మారేవారికి కాదని అక్టోబరులో వివరణ వచ్చింది.

ఆరేళ్లు దాటాక? కంపెనీ వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్ (ఐ-140) ఆమోదమై వరుస ఇంకా రాకపోతే మూడేసి సంవత్సరాలు పొడిగిస్తారు. ‘తాత్కాలిక’ వీసా మీదే జుట్టు నెరిసిపోవడం ఇలాగే. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు, అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే ఐ-94 అంతకుముందే ముగిస్తే అంతవరకే. ఆ రెండు నెలల్లో కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా మరో వీసాకు మారాలి, లేదా సామాను సర్దాలి. అప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటి: ఐ-140 ఒకసారి ఆమోదమయ్యాక పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా, వరుసలో మీ చోటు చెప్పే ప్రయారిటీ తేదీ మామూలుగా మీతోనే వస్తుంది. కాగితం కంపెనీదే, తేదీ మాత్రం మీది. ఆ ఆమోదపత్రం నకలు అడిగి తీసుకోవడానికి మొహమాటపడేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది.

ఆ తేదీకి వరుస వచ్చేలోపు పిల్లలకు 21 నిండితే వాళ్లు వరుసలోంచి జారిపోతారు. నాలుగేళ్లప్పుడు వెళ్లి అక్కడే బడికి, కాలేజీకి వెళ్లిన పిల్ల, 21వ పుట్టినరోజుకు విదేశీ విద్యార్థిగా ఎఫ్-1 వెతుక్కోవాలి. 2002 చట్టం ప్రకారం పిటిషన్ పెండింగులో ఉన్న రోజుల్ని వయసులోంచి తీసేస్తారు. కానీ పదిహేనేళ్ల వరుసకు ఆ కొన్ని నెలలు ఏ మూలకి?

అమ్మానాన్నలకు ఎప్పుడు?

పిల్లలు పౌరులయ్యాకే, అదీ 21 నిండాకే. గ్రీన్‌కార్డు ఉన్నంత మాత్రాన తల్లిదండ్రులకు పెట్టలేరు. పౌరుల తల్లిదండ్రులకు కోటా లేదు, వరుసా లేదు. తోబుట్టువులకైతే పెట్టి మరిచిపోవాల్సిందే, 2025లో మనవాళ్ల వరుస 2006 నాటి దరఖాస్తుల దగ్గరుండేది.

తల్లిదండ్రుల ఫైలు ఆగేది సాధారణంగా చట్టం దగ్గర కాదు, పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్లి సర్టిఫికెట్‌లో అసలు లేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో పేరంతా ఇంటిపేరవుతుంది, అసలు పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ కూర్చుంటుంది. పేరు తెలియదని అర్థం! ఇంట్లో మంత్రసాని చేతుల మీద పుట్టిన పెద్దలకు జనన నమోదే ఉండదు. నమోదు లేదని మునిసిపాలిటీ నుంచి ధ్రువపత్రం, పుట్టుక ఎరిగినవారి అఫిడవిట్లు తెచ్చుకోవాలి. కార్డు వచ్చాక ‘ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ’ అనుకోకూడదు. గ్రీన్‌కార్డు స్థిరనివాసానికి, చుట్టపుచూపుకి కాదు. ఏడాది దాటి ఇక్కడుండాల్సి వస్తే బయల్దేరకముందే రీఎంట్రీ పర్మిట్‌కు పెట్టాలి.

పౌరసత్వానికి మామూలుగా గ్రీన్‌కార్డు మీద అయిదేళ్లు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవారిని 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 చెప్పాలి. 55 ఏళ్లు దాటి, 15 ఏళ్లు కార్డుతో ఉన్నవారికి ఇంగ్లిష్ పరీక్ష ఉండదు. దుబాసీని పెట్టుకుని తెలుగులోనే చెప్పొచ్చు.

ఈ అర్హత మనవాళ్లకు ఎప్పటినుంచో ఉన్నది కాదు. 1923 ఫిబ్రవరిలో భగత్‌సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి పనికిరారంది. ఆ రోజుల్లోనే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. 1946లో చట్టం మారేదాకా, అంటే రెండు దశాబ్దాలకు పైగా, ఆ మహాశాస్త్రవేత్తకు దరఖాస్తు పెట్టుకునే దారే లేదు. చట్టం మారిన రెండేళ్లకే కన్నుమూశారు.

పొలం గట్టు మీద

అమెరికా పౌరసత్వం తీసుకున్న క్షణాన 1955 చట్టంలోని 9వ సెక్షన్ కింద భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. పాత పాస్‌పోర్టు సరెండర్ చేయాలి. ఆ తర్వాత తీసుకునే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు పేరులో ‘సిటిజన్’ ఉన్నా అది ద్వంద్వ పౌరసత్వం కాదు. ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే హక్కు లేదు. చాలామందికి తెలియని సంగతేంటంటే, భారత పాస్‌పోర్టుతో విదేశంలో ఉంటున్న ఎన్నారైకీ పొలం కొనే హక్కు లేదు. నాన్న ప్రేమగా గిఫ్ట్ డీడ్ రాసినా పొలం విషయంలో చెల్లదు. వారసత్వంగానో, వీలునామాతోనో మాత్రమే రావాలి.

రాజంపేట పెద్దాడి ఎమ్మెస్ ఫీజుకు నాన్న రెండెకరాలు అమ్మాడనుకోండి. రాజంపేటలో పుట్టావు కనుక వరుసలో ఉండమని అమెరికా అంది. డాలర్లు పట్టుకుని వచ్చి ఆ రెండెకరాలు తిరిగి కొనబోతే, నువ్వు ఇక్కడివాడివి కావని రాజంపేట రిజిస్ట్రారాఫీసులో మాట. నాన్న అమ్మకుండా అట్టేపెట్టిన అరెకరం ఉంటే, అది మాత్రం వస్తుంది. కువైట్‌లో పుట్టిన చిన్నాడికి కూడా, సమానంగా.